ప్లైవుడ్ లిఫ్టులో ప్రసంగం

రాళ్ళవాగు శ్రీ విద్యాతరంగిణి పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ డాక్టర్ పాటిబండ్ల విశ్వేశ్వరప్రసాద్ గారు హైదరాబాదులో మూడు రోజుల వర్క్‌షాపుకు వెళ్ళి, ఒక గుడ్డసంచీ, ఒక ఫైలు, ఒక మహా ఆలోచన పట్టుకుని తిరిగొచ్చారు. సంచీ ఇంట్లో ఇచ్చారు. ఫైలు అటెండరుకిచ్చారు. ఆలోచన మాత్రం తెచ్చి కాలేజీ నెత్తిన పెట్టారు.

ఆ ఆలోచన ఏమిటంటే, విదేశాల్లో కుర్రాళ్ళు పెద్ద కంపెనీ యజమానితో పాటు లిఫ్టు ఎక్కుతారట. లిఫ్టు పైకి చేరేలోపు తమ ప్రాజెక్టేమిటో చెప్పేస్తారట. తలుపు తెరుచుకునేసరికి ఆయన ముచ్చటపడి చేయి కలిపేస్తాడట. లిఫ్టు దిగేలోపు చెప్పలేని విషయం అసలు చెప్పదగ్గదే కాదని ఆ వర్క్‌షాపులో ఒక పెద్దమనిషి గంటన్నరసేపు చెప్పాడు.

మామూలు బుర్ర ఉన్నవాడెవడైనా ఇది విని, సరే, మన పిల్లల్ని కాస్త క్లుప్తంగా మాట్లాడమందాం అనుకుని ఊరుకుంటాడు. ప్రిన్సిపాల్ గారు డాక్టరేటు పుచ్చుకున్న మనిషి. అంత తేలిగ్గా ఊరుకుంటారా? సోమవారం పదింటికల్లా నోటీసు బోర్డుకి సర్క్యులర్ ఎక్కింది.

"విషయము: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ప్రసంగముల ఆధునికీకరణ గురించి. ఇంతవరకు తరగతి గదియందు ఇరువది నిమిషముల పాటు జరుగుచున్న ప్రసంగ విధానము కాలము చెల్లినదిగా గుర్తించి, ఇకపై సదరు ప్రసంగములను లిఫ్టునందు, గ్రౌండ్ ఫ్లోరు మొదలుకొని ఐదవ అంతస్తు వరకు గల ప్రయాణ కాలములోనే ముగించవలయునని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

అంతా బాగానే ఉంది. కాలేజీకి ఉన్నది కింద ఒక అంతస్తు, పైన ఒకటి. లిఫ్టు సంగతి దేవుడెరుగు, మెట్లకే ఒక పక్క రెయిలింగు లేదు.

సర్క్యులర్ చదివి మిగతా పిల్లలు కడుపుబ్బ నవ్వుకున్నారు. సివిల్ బ్రాంచి వల్లెపు నాగసుధకి మాత్రం గుండెలో రాయి పడింది.

నాగసుధది ఊరి చివర వడ్డెర కాలనీ. వాళ్ళమ్మ కొండమ్మకి నలభై నిండకుండానే మోకాళ్ళు వంగిపోయాయి. గోడ పట్టుకుంటే గాని లేవలేదు. కాలనీలో సగం మంది ఆడవాళ్ళది అదే నడక. ఆరేళ్ళ కిందటి దాకా వాళ్ళంతా తాగింది పదిహేడో నంబరు బోరు నీళ్ళు. ఆ చేతిపంపు విరిగిపోయాక ట్యాంకరు వస్తోంది, వచ్చిన రోజున వస్తోంది. మిగతావాళ్ళు సీనియర్ల పాత ప్రాజెక్టులకి కొత్త అట్టలు వేయించుకుంటుంటే, ఈ పిల్ల ఎనిమిది నెలలపాటు సీసాలు మోసుకుంటూ ఊళ్ళో ముప్పై ఒక్క బోర్ల నీళ్ళు పరీక్ష చేసింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదు. పదిహేడులో ఆరు పాయింట్ రెండు ఉంది. దానికి ఆరువందల గజాల దూరంలో ఉన్న ఇరవై మూడో నంబరు బోరులో ఒకటి కూడా లేదు.

ఇప్పుడు నీటి సరఫరా శాఖవాళ్ళు కాలనీకి కుళాయిలు వేస్తున్నారు. నీళ్ళు బాగా పడతాయని, రోడ్డు పక్కనే ఉందని, పదిహేడుకే మోటారు బిగించారు. వచ్చే నెల ఇరవై నాలుగున ప్రారంభోత్సవం.

నాగసుధ ఆ శాఖ డిప్యూటీ ఇంజనీరు, డి.ఈ. పరంధామం గారిని కలవడానికి మూడుసార్లు ఆఫీసుకు పోయింది. మూడుసార్లూ ఆయన మీటింగులో ఉన్నారు. "స్టూడెంట్లు డైరెక్టుగా ఇచ్చేదానికి లేదమ్మా, కాలేజీ ద్వారా రావాల" అన్నాడు గుమాస్తా. కాలేజీలో అడిగితే, ప్రాజెక్టు పాసయి డిప్లొమా చేతికొచ్చాక పంపుతామన్నారు. డిప్లొమా వచ్చేది జూలైలో. ఈలోపు కుళాయిలు తిరుగుతాయి.

కాలనీలో చెప్పకపోలేదు. చెప్తే తిట్టిపోశారు.

"ఇన్నాళ్ళకి ఇంటి ముంగటికి నీళ్ళొస్తా ఉంటే అడ్డం పడబాక మే," అంది పక్కింటి సుంకులవ్వ. "ఆఫీసరు పరీచ్చ చేయించే ఇస్తన్నాడంట. ఆయనకంటే నీకు తెల్సా?"

నాగసుధకు మిగిలిన ఆశ ఒక్కటే. ఈ ఏడు సివిల్ బ్రాంచికి బయటి పరీక్షకుడిగా వస్తున్నది ఆ పరంధామం గారే. ఇరవై నిమిషాలు ఆయన ఎదుట నిలబడి మాట్లాడే అవకాశం. ఆ ఇరవై నిమిషాల్నే ప్రిన్సిపాల్ గారు హైదరాబాదు నుంచి తెచ్చిన ఆలోచన మింగేసింది.

సర్క్యులర్ ఇచ్చాక గాని లిఫ్టు లేదన్న సంగతి గుర్తుకు రాలేదు. దాని మీద స్టాఫ్ మీటింగు పెట్టారు. సివిల్ హెచ్.ఓ.డి. శేషఫణి గారు లేచి, "ఊళ్ళో కూడా ఎక్కడా లిఫ్టు లేదు సార్. కొత్తగా కట్టిన నర్సింగ్ హోములో ఉంది గానీ, అందులో స్ట్రెచర్లు తిప్పుతున్నారు" అని మనవి చేసుకున్నారు.

కాలేజీ యజమాని, కరస్పాండెంట్ చుండూరి వేణుగోపాలనాయుడు గారు చదువుకున్నది ఐదో క్లాసే అయినా అందరికంటే తెలివిగలవారు. "లిఫ్టంటే ఏందయ్యా? పెట్టె. పెట్టె చేయించండి. కదిలేదెందుకు? కదిలితే కరెంటు తింటది" అన్నారు.

సభ హర్షధ్వానాలతో ఆమోదించింది. "కదలిక అనునది లిఫ్టు యొక్క ఉపాంగమే గాని ప్రధానాంగము కాదు" అని ప్రిన్సిపాల్ గారు మినిట్సులో రాయించారు.

వడ్రంగం షెడ్డులో నాలుగు రోజుల్లో లిఫ్టు తయారైంది. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, ప్లైవుడ్. రెండు తలుపులు, లోపల అద్దం, చిన్న ఫ్యాను. తలుపు మీద చిన్న కంత. ఆ కంతలో సున్నా నుంచి ఐదు దాకా అట్టముక్కలు కనబడతాయి. బయట స్టూలెక్కి అటెండర్ కోటిలింగం ఒక్కో అట్ట తిప్పుతాడు. ఐదు రాగానే గంట కొడతాడు. ప్రిన్సిపాల్ గారు హైదరాబాదు హోటల్లో లిఫ్టు ఎక్కి చూసుకున్న లెక్క ప్రకారం, సున్నా నుంచి ఐదుకి నలభై రెండు సెకన్లు. గంట కొట్టాక ఒక్క ముక్క మాట్లాడకూడదు.

పైకి వెళ్ళినవాళ్ళు కిందికి రావాలి కదా! ఐదో అంతస్తులో దిగిపోదామంటే అక్కడ ఐదో అంతస్తు లేదు. అందుకని కోటిలింగం అట్టలు వెనక్కి తిప్పుతాడు. ఆ నలభై రెండు సెకన్లూ లోపలున్నవాళ్ళు అద్దంలో ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ మౌనంగా నిలబడాలి.

"దిగేటప్పుడు కూడా చెప్పొచ్చా సార్?" అని నాగసుధ చేయెత్తి అడిగింది.

"దిగేటప్పుడు ప్రసంగించడమనేది ప్రగతికి విరుద్ధమమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు, జాలిగా.

మొదటి వారంలోనే లిఫ్టుకి లిఫ్టుకుండే కష్టాలన్నీ వచ్చాయి. ఒకరోజు శేషఫణి గారు ట్రయల్‌కి లోపలికెళ్ళారు. మూడో అట్ట తిప్పి కోటిలింగం టీకి వెళ్ళిపోయాడు. ముప్పావుగంట గడిచింది. తలుపు తోస్తే వచ్చేదే. అయినా ఆయన తొయ్యలేదు. "మూడో అంతస్తులో ఉన్నాం, మధ్యలో తలుపు తీస్తే ప్రమాదం" అని లోపలి నుంచి సెల్‌ఫోన్లో ఆఫీసుకి చెప్పారు. కోటిలింగం వచ్చి రెండు, ఒకటి, సున్నా తిప్పాక, చెమటలు తుడుచుకుంటూ దిగారు.

ఇంతటి ప్రమాదం జరిగాక భద్రత చూడకపోతే ఎలా? లిఫ్టు భద్రతా కమిటీ వేశారు. పై ఆఫీసుకి రాస్తే లిఫ్టుల ఇన్‌స్పెక్టరు జీపులో దిగాడు. పెట్టెలోకి వెళ్ళి రెండుసార్లు గట్టిగా గెంతాడు. బయటికొచ్చి సర్టిఫికెట్ రాశాడు. "సదరు లిఫ్టు క్రిందపడు అవకాశము లేదు. ఏలయనగా పడుటకు తగిన ఎత్తు లేదు. నలుగురికి మించి ఎక్కరాదు." మర్నాటి నుంచి కోటిలింగానికి ఖాకీ చొక్కా వచ్చింది. అతనికి జ్వరమొచ్చిన రెండు రోజులూ "లిఫ్టు మరమ్మత్తులో ఉన్నది" అని బోర్డు వేలాడింది.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. నాగసుధకి నవ్వు రాలేదు. ఆమె గైడు మస్తాన్ వలీ సారు మంచివాడు, మంచివాడు కాబట్టే ఎవరికీ ఎదురు చెప్పనివాడు. ఇద్దరూ కూర్చుని ఎనిమిది నెలల పనిని నలభై రెండు సెకన్లకి తెగ్గోశారు. బోర్ల మ్యాపు పోయింది. పరీక్ష చేసిన పద్ధతి పోయింది. కాలనీలో ఎంతమందికి మోకాళ్ళు వంగాయో ఆ పట్టిక పోయింది. మిగిలింది ఆరు వాక్యాలు.

"చాల్లేమ్మా," అన్నాడు మస్తాన్ వలీ. "డి.ఈ. గారి చెవిన పదిహేడు, ఇరవై మూడు అనే రెండు అంకెలు పడితే చాలు. అసలు సంగతి అదే గదా."

అప్పుడు సర్క్యులరుకి కొత్తగా ఏడో నిబంధన వచ్చి చేరింది.

"ప్రసంగ కాలము క్లుప్తమైనంత మాత్రమున సభా మర్యాదకు లోపము రాకూడదు. ప్రతి విద్యార్థియు ప్రసంగారంభమున ఈ దిగువ పెద్దలను, తగిన విశేషణములతో, వరుస తప్పక సంబోధించి నమస్కరించవలయును. విశేషణముల నిమిత్తము పది మార్కులు కేటాయించడమైనది. నమస్కారము లోపించినచో మొత్తము సున్నా."

దిగువ పెద్దలు తొమ్మిదిమంది. కరస్పాండెంట్ గారు, సెక్రటరీ హోదాలో ఆయన సతీమణి, ప్రిన్సిపాల్ గారు, హెచ్.ఓ.డి. గారు, ఇంకా ఎవరెవరో, అందరికంటే చివర అతిథి హోదాలో బయటి పరీక్షకులు. మస్తాన్ వలీ గడియారం పట్టుకుంటే నాగసుధ గుక్క తిప్పుకోకుండా చదివింది. ఇరవై నాలుగు సెకన్లు.

"పద్దెనిమిది మిగిలినాయి. మూడు వాక్యాలు చెప్పొచ్చు" అన్నాడాయన.

వారం తిరిగేసరికి భద్రతా కమిటీ చైర్మన్ అలిగాడు. లిఫ్టులో మాట్లాడుతూ లిఫ్టు భద్రత చూసే మనిషికి నమస్కారం పెట్టరా అని. ఆయన్ని చేర్చారు. చైర్మన్ని చేర్చి ఇన్‌స్పెక్టరు గారిని వదిలేస్తే రేపు సర్టిఫికెట్ రెన్యువల్ చేస్తాడా? ఆయన్నీ చేర్చారు. ప్లైవుడ్ దానం చేసిన షాపు యజమానిని చేర్చారు. ప్రసంగాల క్లుప్తతను పర్యవేక్షించడానికి క్లుప్తతా విభాగం ఒకటి పెట్టి, దానికి ఒక డైరెక్టరు, ఒక జాయింట్ డైరెక్టరు, ఒక సమన్వయకర్తను వేశారు. వాళ్ళు ముగ్గురూ వరుసలో తమ చోటు ముందా వెనకా అని రెండు రోజులు కొట్లాడుకున్నారు. మళ్ళీ గడియారం పట్టుకుని చూస్తే నమస్కారాలకే నలభై రెండు సెకన్లు పట్టింది. ఆఖరి "రం" దగ్గర కోటిలింగం గంట కొట్టాడు.

మిగతా పిల్లలకి పండగే పండగ. చెప్పడానికి ప్రాజెక్టు లేనివాడికి ఇంతకంటే ఏం కావాలి? మైదానంలో చెట్ల కింద గుంపులు గుంపులుగా కూర్చుని పెద్దల పేర్లు వల్లె వేస్తున్నారు.

నాగసుధ మాత్రం నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"సార్, నమస్కారాలకే టైమైపోతే ప్రాజెక్టు ఎప్పుడు చెప్పేది?"

"ప్రాజెక్టు చెప్పవద్దని ఎవరన్నారు?" ఆయన ఆశ్చర్యపోయారు. "నమస్కారాల అనంతరం ఎంత సమయముంటే అంతసేపు నిరభ్యంతరంగా చెప్పుకో."

"ఏమీ ఉండటం లేదు సార్!"

"అదేనమ్మా క్లుప్తతకి పరాకాష్ఠ. వర్క్‌షాపులో వాళ్ళు కూడా అంతదూరం పోలేదు."

"మా కాలనీకి విషం కలుపుతున్నారు సార్. ఆ మాట డి.ఈ. గారికి చెప్పాలి. పోనీ నమస్కారాలు మానేసి..."

"మానేస్తే సున్నా. సున్నా వస్తే డిప్లొమా లేదు. డిప్లొమా లేనివాళ్ళ రిపోర్టు ఏ శాఖా తీసుకోదు. నీ మంచికే చెప్తున్నా," అని ఆయన ఫైల్లో తలదూర్చారు.

బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కోపంతో వచ్చే ఏడుపు అది, తొందరగా ఆగదు.

మర్నాడు రిహార్సల్. ప్రిన్సిపాల్ గారి పేరు దగ్గరికి వచ్చేసరికి నాగసుధకి ఒళ్ళు మండి, రాసుకున్నది వదిలేసి, "నాలుగు నెలలుగా మంచినీళ్ళ తొట్టి కడిగించని, ఆడపిల్లల బాత్రూముకి గడియ పెట్టించని, విద్యావేత్త, మహోన్నతులు, గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అనేసింది. అనేసి ఆయన మొహంలోకి చూసింది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళు అరమోడ్చి, తల మెల్లగా ఊపుతున్నారు. ఆయన చెవికి ముందరి మాటలు ఒక్కటీ ఎక్కలేదు. "మహోన్నతులు" మాత్రం ఎక్కింది.

"భేష్. విశేషణాలు సహజంగా ఉన్నాయి. అందరూ ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అన్నారు.

నాగసుధ, మస్తాన్ వలీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విశేషణాలు సొంతంగా రాసుకోవచ్చు. ఇన్ని పదాలని లెక్క లేదు. ఈ కాలేజీ పొరపాటున వదిలేసిన చోటు అదొక్కటే. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని మిగతా పద్నాలుగుమంది పెద్దల విశేషణాలూ ఒక్కొక్క మాటకి కుదించి, మిగిలిన సెకన్లన్నీ తీసుకెళ్ళి పరంధామం గారి పేరు ముందు పోశారు.

"ఆయన పేరు కాబట్టి ఆయనైనా వింటాడు సార్," అంది నాగసుధ.

"వింటాడమ్మా. తన పేరు వస్తుంటే విననివాడెవడు?" అన్నాడు మస్తాన్ వలీ.

పరీక్ష రోజున లిఫ్టుకి మామిడాకులు కట్టారు. లోపల పరంధామం గారు, ప్రిన్సిపాల్ గారు, శేషఫణి గారు, నాలుగోమనిషిగా విద్యార్థి. పరంధామం గారు ఎర్రగా, పొట్టిగా, సిల్కు చొక్కాలో ఉన్నారు. అప్పటికి ముప్పై నాలుగుసార్లు ఐదో అంతస్తుకెళ్ళి వచ్చి అలిసిపోయి ఉన్నారు. తలుపు మూశారు. కోటిలింగం ఒకటి తిప్పాడు.

నాగసుధ పెద్దలందరినీ చకచకా దాటించి, రెండో అంతస్తుకల్లా ఆయన దగ్గరికి వచ్చేసింది. జానెడు దూరంలో ఉన్న ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ ఒక్కో మాటా స్పష్టంగా పలికింది.

"ముప్పై ఒక్క బోర్లలో మంచివాటిని కాదని, లీటరుకి ఆరు పాయింట్ రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న పదిహేడో నంబరు బోరునే ఏరికోరి ఎంచిన, ఆ నీళ్ళు తాగి మా అమ్మల మోకాళ్ళు వంగిపోయినా మళ్ళీ అవే నీళ్ళు మా గడపలోకి తెస్తున్న, ఆరువందల గజాల్లో ఇరవై మూడో నంబరు బోరులో మంచినీళ్ళున్నా అటు కన్నెత్తి చూడని, ప్రజాసేవా ధురంధరులు, గౌరవనీయులైన డి.ఈ. శ్రీ పరంధామం గారికి హృదయపూర్వక నమస్కారాలు."

గంట మోగింది. ఐదో అంతస్తు.

పరంధామం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. దిగుతున్నంతసేపూ మాట్లాడకూడదు గనక, సున్నా దాకా ఆగి, అప్పుడు గద్గదంగా అన్నారు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసమ్మా నాది. నా గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ధురంధరులు అన్నావే, ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది."

"సార్, అది కాదు సార్, పదిహేడో నంబరు..."

"గంట కొట్టాక మాట్లాడకూడదు," అని శేషఫణి గారు నోరు మూయించారు.

యాభైకి యాభై వేశారు. కాలేజీలో అదే మొదటిసారి. "ఇరవై నాలుగున మా ప్రారంభోత్సవంలో స్వాగత వచనం ఈ అమ్మాయే చెప్పాలి. ఇదే, ఒక్క ముక్క మార్చకుండా" అని పరంధామం గారు ప్రిన్సిపాల్ దగ్గర మాట తీసుకుని మరీ వెళ్ళారు.

నాగసుధకి ఆ యాభై మార్కులు మొహాన ఉమ్మేసినట్టుంది. మనిషి ఎదురుగా నిలబడి, ఆయన పేరు పెట్టి, ఆయన చేసిన తప్పు అంకెలతో సహా చెప్తే, కళ్ళనీళ్ళు పెట్టుకుని మురిసిపోయాడు. ఇంకెవరికి చెప్పాలి, ఎట్లా చెప్పాలి? "నేను పోను సార్, నావల్ల కాదు" అని మస్తాన్ వలీతో తెగేసి చెప్పింది.

"పోకపోతే మార్కులు వెనక్కి తీసుకుంటామంటున్నారమ్మా," అన్నాడు ఆయన, నేల చూపులు చూస్తూ.

ఇరవై నాలుగో తారీకు పొద్దున వడ్డెర కాలనీలో షామియానా వేశారు. వేదిక మీద పదిహేను కుర్చీలు. నమస్కారాల వరుస ఎలా ఉందో కుర్చీల వరుసా అలాగే. కింద కాలనీ ఆడవాళ్ళంతా తోమిన బిందెలతో వచ్చి కొత్త కుళాయి ముందు బారులు తీరారు. కొండమ్మ గోడ నానుకుని నిలబడింది. సుంకులవ్వ రెండు బిందెలు తెచ్చుకుంది.

నాగసుధ మైకు ముందుకొచ్చింది. ఇక్కడ కోటిలింగం లేడు. గంట లేదు. అందుకని తొందరపడలేదు. పెద్దలందర్నీ ఒక్కో మాటలో సాగనంపి, పరంధామం గారి పేరు ముందు ఆగి, నిదానంగా మొదలుపెట్టింది.

"ముప్పై ఒక్క బోర్లలో మంచివాటిని కాదని, లీటరుకి ఆరు పాయింట్ రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న పదిహేడో నంబరు బోరునే ఏరికోరి ఎంచిన..."

పరంధామం గారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, అవునన్నట్టు తలూపారు. పక్కన ప్రిన్సిపాల్ గారూ ఊపారు.

"...ఆ నీళ్ళు తాగి మా అమ్మ కొండమ్మ, సుంకులవ్వ, ఓబులమ్మక్క, ఈ కాలనీలో నలభై ఆరుమంది మోకాళ్ళు వంగిపోయినా, మళ్ళీ అవే నీళ్ళు మా గడపలోకి తెస్తున్న..."

డి.ఈ. గారు రెండు చేతులూ జోడించి సభకి నమస్కారం పెట్టారు. కరస్పాండెంట్ గారు చప్పట్లు మొదలుపెడితే వేదికంతా అందుకుంది.

కింద మాత్రం చప్పట్లు లేవు. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. మైకులో తమ పేర్లు వినబడితే విననివాళ్ళెవరు?

"ఏందే ఇది?" అంది ఓబులమ్మ మెల్లగా. "కొండమ్మ కూతురు ఇంట్లో మొత్తుకుంటా ఉంటే పిచ్చిదనుకున్నాం. ఆఫీసరు చూడు, అవునవునని తలూపతన్నాడు!"

"దండం గూడా పెడతన్నాడు," అంది సుంకులవ్వ. "తప్పు ఒప్పుకున్నట్టే గదా మే. ఆఫీసరే ఒప్పుకున్నంక ఇంకేముంది?"

"...ఆరువందల గజాల్లో ఇరవై మూడో నంబరు బోరులో మంచినీళ్ళున్నా అటు కన్నెత్తి చూడని, ప్రజాసేవా ధురంధరులు, గౌరవనీయులైన డి.ఈ. శ్రీ పరంధామం గారికి హృదయపూర్వక నమస్కారాలు."

చప్పట్ల మధ్య పరంధామం గారు దిగివచ్చి రిబ్బను కత్తిరించి కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా, ధాటిగా పడ్డాయి. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి పట్టుకున్నాడు.

ఒక్క బిందె కూడా ముందుకు రాలేదు.

"రండమ్మా, పట్టుకోండి. సిగ్గుపడకండి" అన్నారు పరంధామం గారు, నవ్వుతూ.

సుంకులవ్వ తన బిందెలు రెండూ బోర్లించింది. ఆమె పక్కనామె బోర్లించింది. చూస్తుండగానే బారు పొడుగునా బిందెలన్నీ నేలకి మూతులు పెట్టాయి. కుళాయి నీళ్ళు మట్టిలో పారుతున్నాయి.

"మాకొద్దు సామీ. మీరే తాగండి," అంది సుంకులవ్వ.

"అదేంటి? ఏమైంది?"

"ఏమైందంటావేంది? ఆ పిల్ల మైకులో చెప్పె, నువ్వు తలూపితివి, దండం పెడితివి. మళ్ళా ఏమైందని మమ్మల్ని అడగతావా?"

పరంధామం గారి మొహంలో నవ్వు అట్లాగే నిలిచిపోయింది. వేదిక వైపు తిరిగారు. "ఏం చెప్పింది?" అని ప్రిన్సిపాల్ గారిని అడిగారు. ప్రిన్సిపాల్ గారు శేషఫణి గారిని అడిగారు. శేషఫణి గారు భద్రతా కమిటీ చైర్మన్ని అడిగారు. ఆయన క్లుప్తతా డైరెక్టరుని, డైరెక్టరు జాయింట్ డైరెక్టరుని అడిగారు. పదిహేను కుర్చీల చివరిదాకా ఆ ప్రశ్న వెళ్ళింది. జవాబు ఒక్కరి దగ్గరా లేదు. కరస్పాండెంట్ గారు మాత్రం, "బాగానే చెప్పింది గదయ్యా" అన్నారు.

ఆడవాళ్ళు కదల్లేదు. ఫోటోగ్రాఫరు ఏం తియ్యాలో తెలియక కెమెరా దించేశాడు. అంతమంది కళ్ళు తన మీదే ఉండగా, సిల్కు చొక్కా వీపుకి అతుక్కుపోయి, పరంధామం గారు మైకు దగ్గరున్న పిల్ల వైపు నాలుగడుగులు వేశారు.

"అమ్మా, నువ్వు చెప్పింది... ఇంకోసారి చెప్పు."

నాగసుధ మైకు దగ్గరికి లాక్కుంది. చేతులు జోడించలేదు. గౌరవనీయులూ అనలేదు, ధురంధరులూ అనలేదు.

"పదిహేడు కట్టెయ్యండి సార్. ఇరవై మూడు కలపండి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, రెండు అంకెలూ అరచేతిలో రాసుకున్నారు.